అమెరికాలో అడవి టర్కీ: కొట్టిన లెక్క వేరు, పుట్టిన లెక్క వేరు

2004 వసంతంలో మిస్సోరి రాష్ట్ర వేటగాళ్లు 60 వేలకు పైగా అడవి టర్కీ కోళ్లను కొట్టారు. ఆ రాష్ట్రంలో అంతకుముందు గాని, ఆ తర్వాత గాని అంత లెక్క రాలేదు. 2021 వసంతంలో అదే రాష్ట్రంలో 35 వేలు కూడా దాటలేదు. అర్కాన్సా, టెన్నెసీ, జార్జియా, అలబామాల్లోనూ ఇదే వరస. సీజన్ ఆలస్యంగా తెరవాలా, మనిషికి ఇన్ని పక్షులన్న కోటా తగ్గించాలా అని ఏటా రాష్ట్రాల వన్యప్రాణి కమిషన్ల ముందు వాదనలు నడుస్తున్నాయి. ఆ వాదనల్లో సగం గందరగోళం ఒక్కచోటే పుడుతోంది. ఎన్ని కొట్టారన్న అంకెనే అడవిలో ఎన్ని ఉన్నాయన్న అంకెగా చదివే అలవాటు చాలా ఏళ్లుగా పాతుకుపోయింది.

ఈ పక్షి ఒకసారి అంచుదాకా వెళ్లి వచ్చింది. అడవులు నరికి పొలాలు చేసుకున్న కాలంలో, ఏ హద్దూ లేకుండా బజారుకు కొట్టి అమ్మిన కాలంలో రాష్ట్రాల వారీగా మాయమైంది. కనెటికట్‌లో 1813 నాటికి, న్యూయార్క్‌లో 1844 ప్రాంతంలో, మసాచుసెట్స్‌లో 1851లో ఆఖరి పక్షులు పోయాయి. 1930ల నాటికి దేశం మొత్తం మీద రెండు లక్షలకు మించి లేవని అంచనా. చట్టవిరుద్ధంగా కొట్టిన జంతువులను రాష్ట్రం దాటించి అమ్మకుండా 1900లో లేసీ చట్టం వచ్చింది. 1937 నాటి పిట్‌మన్–రాబర్ట్‌సన్ చట్టం తుపాకులు, తూటాల మీద వేసే ఎక్సైజు సుంకాన్ని రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకు మళ్లించింది. పొడవు తుపాకులకు, తూటాలకు ఆ సుంకం 11 శాతం. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత వేటంటే నేరమనే అలవాటు పడిన మనకు ఇది వింతగా తోస్తుంది గాని, అక్కడ పక్షిని తిరిగి తెచ్చిన డబ్బులో పెద్ద వాటా వేటగాడి జేబులోంచే వచ్చింది.

ఆ డబ్బుతో మొదట చేసిన పని దండగైంది. ఫారాల్లో పొదిగించిన టర్కీలను వేల సంఖ్యలో అడవుల్లో వదిలారు. తల్లి వెనక తిరగని పిల్లకు గద్ద నీడ పడితే కదలకుండా పడి ఉండాలని తెలియదు, చీకటి పడేలోపు చెట్టెక్కాలనీ తెలియదు. బతికినవి కొన్ని. వాటిలో పిల్లలను పెంచగలిగినవి ఇంకా తక్కువ. మన దగ్గర షెడ్లలో పెంచే టర్కీ కోడి కూడా మెక్సికోలో మచ్చికైన ఈ జాతి సంతతే. దాన్ని అడవిలో వదిలితే ఏమవుతుందో పెంచేవాళ్లు ఊహించగలరు.

దారి చూపింది ఫిరంగి వల. నీటి పక్షులను పట్టడానికి వాడే ఈ పద్ధతితో 1951లో సౌత్ కరోలినాలోని ఫ్రాన్సిస్ మేరియన్ జాతీయ అరణ్యంలో అడవి టర్కీలను పట్టారు. వలను పొడవాటి మడతగా నేలమీద పరిచి, ఆకులు కప్పి, ముందు అంచును చిన్న ఫిరంగుల్లోని బరువైన గుండ్లకు కట్టేవారు. వలకు కొన్ని అడుగుల ముందు మొక్కజొన్న గింజలు గీతలా చల్లేవారు. గుంపు రోజూ వచ్చి మేసే అలవాటు పడ్డాక, పొంచి ఉన్న మనిషి పక్షులన్నీ తలలు దించిన క్షణం చూసి కరెంటు మీట నొక్కాలి. ఒక్కటి తలెత్తి ఉన్నా ఎగిరే వల అంచు మెడకు కొట్టుకుని చస్తుంది. ఎర గీత మరీ దూరమైతే సగం గుంపు తప్పించుకుంటుంది. పట్టిన పక్షిని ఒక్కోదాన్ని ఒక్కో అట్టపెట్టెలో పెట్టి, అదే రోజు గాని మర్నాడు గాని కొత్త అడవిలో వదిలేవారు. డజనుకు అటూఇటూగా పెట్టలు, కొద్దిపాటి పుంజులు చాలు, పదేళ్లలో జిల్లా నిండేది. మిస్సోరిలో 1960లో తొలి వసంత సీజన్ తెరిస్తే పడినవి 94. అక్కడి నుంచి 44 ఏళ్లలో 60 వేలు. 1973లో జాతీయ అడవి టర్కీ సమాఖ్య ఏర్పడేనాటికి దేశంలో దాదాపు 13 లక్షల పక్షులు. 2000 దశకం మొదట్లో 65 నుంచి 70 లక్షలు.

ఆ శిఖరం నిలిచే ఎత్తు కాదేమోనన్న మాట తర్వాత వచ్చింది. ఖాళీ అడవిలో దిగిన గుంపు మొదట మంచి చోట్లన్నీ ఆక్రమిస్తుంది, ప్రతి పెట్టకూ గూటికి తావు దొరుకుతుంది. నిండాక కొత్త పెట్టలు నాసిరకం చోట్లలో గుడ్లు పెడతాయి, సగటు పడిపోతుంది. ఆగ్నేయ రాష్ట్రాల దశాబ్దాల లెక్కలు పరిశీలించిన జీవశాస్త్రవేత్తలకు పక్షుల సాంద్రత పెరిగిన కొద్దీ పెట్టకు దక్కే పిల్లలు తగ్గిన జాడ కనిపించింది. అంటే తగ్గుదలలో కొంత సర్దుబాటే. కాని 35 వేలకు దిగడాన్ని సర్దుబాటు అని సరిపెట్టుకోలేం.

అసలు కథ నేలమీది గూటిలో ఉంది. పెట్ట దాదాపు రెండు వారాల్లో పది పన్నెండు గుడ్లు పెడుతుంది, 28 రోజులు పొదుగుతుంది. ఆరు వారాలు గుడ్లు ఏ గడ్డిదుబ్బు పక్కనో, పడిన కొమ్మ కిందో ఉండాలి. రకూన్లు, ఒపోసమ్‌లు, స్కంకులు వంటి గుడ్లు తినే చిన్న జంతువులు, కాకులు, పాములు, వీటన్నిటినీ దాటిన గూళ్లు చాలాచోట్ల నాలుగింట ఒకటి. పగిలితే పెట్ట మళ్లీ పెడుతుంది, కాని ఈసారి గుడ్లు తక్కువ. పుట్టిన పిల్లలు మొదటి పది రోజులు సరిగా ఎగరలేవు, రాత్రి తల్లి రెక్కల కింద నేలమీదే. పిల్లల్లో సగానికి మించి మొదటి రెండు వారాల్లోనే పోతాయి. చలివాన పడిందంటే తడిసిన నూగుతో ఒక్క రాత్రిలో గుంపు గుంపే పోవచ్చు.

వాటికి కావలసిన గడ్డి ఎలాంటిదో దగ్గర నుంచి చూస్తే తెలుస్తుంది. పైన ఆకుల కప్పు, కింద మట్టి కనిపించే ఖాళీ, మధ్యలో పురుగులు. ఎత్తు మోకాలికి లోపు ఉండాలి, తల్లి మెడ చాస్తే చుట్టూ కనబడాలి. మిస్సోరి, టెన్నెసీ పశువుల బీళ్లలో పరుచుకున్న ఫెస్క్యూ గడ్డి దీనికి పూర్తిగా వ్యతిరేకం. చాపలా దట్టంగా అల్లుకుంటుంది, పిల్ల అందులో నడవలేదు, పురుగూ తక్కువే. మే, జూన్‌లలో ఎండుగడ్డి కోసం యంత్రంతో కోస్తే పొదిగే పెట్ట ఆఖరిదాకా కదలదు, గూటితో పాటు తానూ పోతుంది. దక్షిణాదిలో పొడవాకు పైన్ అడవులు ఒకప్పుడు 9 కోట్ల ఎకరాలు. రెండు మూడేళ్లకోసారి నిప్పు తిరిగి నేల తెరిచేది. నిప్పు ఆపేశాక కింద పొదలు కమ్ముకున్నాయి. దీనికి తోడు 1980ల చివర రకూన్ల బొచ్చు ధర కుప్పకూలి ఉచ్చులు పెట్టేవాళ్లు మానేశారు, రకూన్లు పెరిగాయి. పెట్టల గూటికాలానికి ముందు గట్టిగా పట్టి తీసేస్తే ఆ ఏడాది కొంత లాభం ఉంటుంది. ఆపితే పక్కపొలం రకూన్లు ఆ చోటు నింపేస్తాయి.

ఇక లెక్కల సంగతి. వసంత వేటలో పడే పుంజుల్లో రెండేళ్ల వయసువే ఎక్కువ. బాగా కూస్తాయి, పిలిస్తే వస్తాయి. కాలిముల్లు అంగుళం లోపుంటే దాదాపు అదే వయసు. అర అంగుళం కూడా లేని మొండిముల్లు, రొమ్ము మీద నాలుగైదు అంగుళాల కుచ్చు ఉంటే ఏడాది పుంజు, వేటగాళ్లు దాన్ని జేక్ అంటారు. అంటే ఈ ఏడు కొట్టిన అంకె రెండేళ్ల కిందటి పిల్లల లెక్క. 2023లో మిస్సోరి అంకె మళ్లీ 46 వేలు దాటడానికి కారణం 2021లో పిల్లలు బాగా దక్కడమే, ఆ మధ్య వేట నియమాలేవో మారడం కాదు. పైగా అంకె వేటగాళ్ల సంఖ్యను బట్టీ కదులుతుంది. 2020 వసంతంలో కొవిడ్ వల్ల ఇళ్ల దగ్గరున్నవాళ్లు అడవిబాట పట్టారు, పలు రాష్ట్రాల్లో లెక్క ఎగిసింది. పక్షులు ఎక్కువయ్యాయని కొందరు సంబరపడ్డారు. పక్షిని తెచ్చి చూపించే తనిఖీ కేంద్రాలు పోయి ఫోనులో, ఆప్‌లో చెప్పే పద్ధతి వచ్చాక చెప్పనివాళ్లెందరో అనే చిక్కు అదనం.

అందుకే జూలై, ఆగస్టుల్లో పెట్టకు ఎన్ని పిల్లలున్నాయో చూసి రాసే సర్వే మీద జీవశాస్త్రవేత్తలు ఎక్కువ ఆధారపడతారు. మొత్తం పిల్లలను మొత్తం పెట్టలతో భాగిస్తారు. రెండు వస్తే గుంపు నిలుస్తుంది, అంతకు తగ్గితే కరుగుతుంది. ఇక్కడా ఒక లోపం ఉంది. పిల్లల్లేని ఒంటరి పెట్టను చూసినవాడు దాన్ని రాయడం మరచిపోతాడు, సగటు అబద్ధంగా పెరుగుతుంది.

నియమాల వైపు మార్పులు వరసగా వచ్చాయి. జార్జియా 2022లో కోటా మూడు నుంచి రెండుకు దించి సీజన్‌ను వారం ఆలస్యంగా తెరిచింది. అలబామా ఐదు నుంచి నాలుగుకు దించి, మొదటి పది రోజులు బొమ్మ టర్కీల ఎర వాడకూడదంది. టెన్నెసీ నాలుగు నుంచి మూడుకు, తర్వాత రెండుకు వచ్చింది. కాన్సాస్ 2023లో శరత్కాల వేట ఆపేసింది. నెబ్రాస్కా 2024 నుంచి బయటి రాష్ట్రాల వాళ్లకు 10 వేల పర్మిట్లే అంది. పెట్టలతో జత కలవకముందే పెద్ద పుంజులను కొట్టేస్తే గూళ్లు ఆలస్యమవుతాయన్న అనుమానం సీజన్ జరపడం వెనకుంది. టెన్నెసీ దక్షిణ జిల్లాలు కొన్నిటిలో 2021, 2022లలో రెండు వారాలు ఆలస్యంగా తెరిచి చూశారు. పెట్టలు గుడ్లు పెట్టే తీరులో గాని, గూళ్లు నిలిచిన శాతంలో గాని చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అయినా కోటా తగ్గింపు వృథా కాదు. మిగిలిన పుంజు వచ్చే ఏడాదికి ఉంటుంది. పిల్లలను మాత్రం అది పుట్టించదు. శరత్కాలంలో పెట్టలను కొట్టకుండా ఆపడం దానికంటే నేరుగా పనిచేస్తుంది.

ఈ కాలంలోనే మసాచుసెట్స్ కథ ఎదురు దిశలో నడిచింది. 1972–73లో న్యూయార్క్ నుంచి తెచ్చి బర్క్‌షైర్ కొండల్లో వదిలినవి 37 పక్షులు. ఇప్పుడు రాష్ట్రంలో 30 వేలకు పైగా ఉన్నాయి. బోస్టన్ పక్కన బ్రూక్‌లైన్ వీధుల్లో పుంజులు మనుషుల వెంటపడుతుంటే, పెరళ్లలో గింజలు వేయొద్దని, కనబడితే నీళ్లగొట్టంతో తరమమని వన్యప్రాణి శాఖ చెబుతోంది.