ఆర్ఎక్స్ 100కి వేరే బండి హ్యాండిల్, స్విచ్చులు: అపోహలు - వాస్తవాలు

యమహా బైకు ఆర్ఎక్స్ 100 మన దేశంలో 1985 నుంచి 1996 దాకా తయారైంది. నడుస్తున్న బండ్లు ఇంకా బోలెడు, వాటి అసలు స్విచ్ సెట్లే దొరకవు. డూప్లికేట్ తెస్తే ఇండికేటర్ బటన్ నాలుగు నెలలకే వదులైపోతుంది. అందుకే హైదరాబాద్ పుత్లీబౌలిలోనో బెజవాడ ఆటోనగర్‌లోనో కొత్త మోడల్ హ్యాండిల్, లివర్లు, స్విచ్చులు కొని బిగించేవాళ్లు ఎక్కువయ్యారు. పని చేయదగినదే. కానీ దాని చుట్టూ చాలా తప్పుడు మాటలు తిరుగుతున్నాయి. ఇక్కడి ఉదాహరణలు ఎక్కువగా ఆర్ఎక్స్‌వి. అవసరమైన చోట పాత బుల్లెట్, యెజ్డీ సంగతి కూడా చెప్పాం.

అపోహ: హ్యాండిళ్లన్నీ ఒకటే లావు, ఏదైనా పడుతుంది.

వాస్తవం: గ్రిప్ తొడిగే చోట చాలావాటికి 22.2 మి.మీ. ఉంటుంది, అంటే 7/8 అంగుళం. అది చూసి మోసపోతారు. క్లాంపులో (హ్యాండిల్‌ని బండికి పట్టి ఉంచే బిగింపులో) కూర్చునే నడిమి భాగం 22.2 ఉండొచ్చు, 25.4 ఉండొచ్చు, ఈ మధ్య వస్తున్న లావు బార్లలో 28.6 ఉండొచ్చు. వెర్నియర్ కొలబద్దతో రెండు చోట్లా కొలవండి. సన్న బారును పెద్ద క్లాంపులో పెట్టి కూల్‌డ్రింక్ డబ్బా రేకు చుట్టేవాళ్లున్నారు. రేకు అన్నివైపులా సమంగా నిండదు, క్లాంపు రెండు అంచుల దగ్గరే పట్టుకుంటుంది. గట్టిగా బ్రేకు వేసినప్పుడు ఒంటి బరువంతా చేతుల మీదకొచ్చి బారు ముందుకు తిరిగిపోతుంది. 25.4 క్లాంపులో 22.2 బారుకి 1.6 మి.మీ. మందం ఉన్న చీలిక అల్యూమినియం స్లీవ్ కావాలి.

బిగించేటప్పుడు క్లాంపు మీద చుక్కో బాణమో ఉంటే దాన్ని ముందువైపు పెట్టి, ముందు బోల్టు పూర్తిగా బిగించాకే వెనకది బిగించాలి. అప్పుడు సందు వెనక మాత్రమే మిగులుతుంది. గుర్తు లేకపోతే రెండు వైపులా సందు సమానంగా ఉండాలి. ఎం8 (8 మి.మీ.) బోల్టుకి 20 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల టార్క్ (తిప్పే బలం) చాలు. స్పానర్‌కి పైపు తగిలించి తిప్పితే పై ప్లేటులో అల్యూమినియం మరలు ఊడిపోతాయి.

అపోహ: స్విచ్ లోపలి పిన్ను అరగదీస్తే సరి. హ్యాండిల్‌కి బెజ్జం పెడితే విరిగిపోతుంది.

వాస్తవం: స్విచ్ బారు మీద తిరగకుండా ఆపేది ఆ పిన్నే, కంపెనీవాళ్లే దాని కోసం బెజ్జం పెట్టి పంపుతారు. పిన్ను తీసేస్తే యాక్సిలరేటర్ హౌసింగ్ చేతితోపాటు తిరుగుతుంది, కేబుల్ లాగుతుంది, తిప్పినంత కార్బరేటర్ స్లైడ్ (ఇంజన్‌కి గాలి దారి తెరిచే ముక్క) లేవదు. బెజ్జం పిన్ను లావుకి సరిపోయేంతే ఉండాలి, సాధారణంగా 5 మి.మీ. లోపు. స్విచ్చును సరైన కోణంలో పట్టుకుని, పిన్ను కొనకి కాస్త రంగు రాసి నొక్కితే బారు మీద అచ్చు పడుతుంది, అక్కడే డ్రిల్ చేయాలి. క్లాంపు పక్కన, వంపు మీద మాత్రం ఎప్పుడూ పెట్టొద్దు, బారు మీద ఒత్తిడంతా పడేది అక్కడే.

అపోహ: వైర్లు రంగుకి రంగు కలిపితే చాలు.

వాస్తవం: ఎక్కువ ఫ్యూజులు పోయేది ఇక్కడే. యమహా పద్ధతిలో నల్లది ఎర్త్, గోధుమరంగుది తాళం తిప్పాక వచ్చే ప్లస్, పసుపు హై బీమ్, పచ్చ డిమ్, గులాబీ హారన్. హోండా పద్ధతిలో పచ్చ ఎర్త్, నల్లది తాళం తర్వాతి ప్లస్, నీలం హై, తెలుపు డిమ్, లేత పచ్చ హారన్. ఒకదాంట్లో ప్లస్ ఉన్న రంగే ఇంకోదాంట్లో ఎర్త్.

రంగులు సరిచూసుకున్నా హారన్ దగ్గర దెబ్బ తగులుతుంది. యమహాలో హారన్‌కి ప్లస్ ఎప్పుడూ వస్తూనే ఉంటుంది, బటన్ నొక్కితే గులాబీ తీగ ఎర్త్ అవుతుంది. హోండా తరహా ఎడమ స్విచ్చులో బటన్ నొక్కితే ప్లస్ బయటికొస్తుంది. ఆ స్విచ్చుకి బండి గోధుమరంగు తీగ ఇచ్చి, లేత పచ్చను గులాబీకి కలిపితే హారన్ రెండు కొసల్లోనూ ప్లస్సే ఉంటుంది, ఇక మోగదు. హారన్ పాడైందని కొత్తది కొనేస్తారు పాపం. చేయాల్సింది ఒక్కటే: హారన్ మీదున్న గోధుమరంగు తీగ పీకి టేపు చుట్టి, ఆ టెర్మినల్‌ని చాసిస్‌కి ఎర్త్ చేయాలి. ఆ గొడవెందుకని స్విచ్ నల్ల తీగను ఎర్త్‌కి ఇస్తే హారన్ మోగుతుంది నిజమే. కానీ చాలా స్విచ్చుల్లో పాస్ బటన్‌కీ (నొక్కినంతసేపు హై బీమ్ కొట్టేది) ఆ తీగే ఆధారం, పాస్ నొక్కగానే హై బీమ్ తీగ ఎర్త్ అయిపోతుంది.

పాత బుల్లెట్ లాంటి బండ్లలో హారన్ బటన్‌కి హ్యాండిలే ఎర్త్. కొత్త బారుకి పౌడర్ కోటింగ్ ఉంటే ఆ దారి మూసుకుపోతుంది. బటన్ కింద పెయింట్ గీకండి, లేదా విడిగా ఎర్త్ తీగ లాగండి.

కాగితం మీద బటన్‌కో వరస గీసి, మల్టీమీటర్‌తో ఏది నొక్కితే ఏ రెండు తీగలు కలుస్తున్నాయో రాసుకున్నాకే కత్తెర పట్టుకోవాలి. మొదటిసారి తాళం తిప్పేముందు ఫ్యూజ్ స్థానంలో 12 వోల్టుల 21 వాట్ల ఇండికేటర్ బల్బు పెట్టండి. తాళం తిప్పగానే అది నిండుగా వెలిగితే ఎక్కడో షార్ట్ ఉన్నట్టు. ఫ్యూజ్ ఖర్చు లేదు, వైరింగ్ కాలదు.

అపోహ: కిల్ స్విచ్ ఏదైనా కిల్ స్విచ్చే.

వాస్తవం: ఆర్ఎక్స్‌లో సీడీఐ (స్పార్క్ ఇచ్చే ఎలక్ట్రానిక్ పెట్టె) ఆగాలంటే దాని తీగ ఎర్త్ కావాలి, అంటే ఆఫ్‌లో కాంటాక్ట్ కలవాలి. పాయింట్లున్న పాత బుల్లెట్‌లో, ఇప్పటి ఇంజెక్షన్ బండ్లలో ఆఫ్‌లో కాంటాక్ట్ తెగి కరెంటు ఆగాలి. రెండూ తలకిందులు. ఇంజెక్షన్ బండి స్విచ్ ఆర్ఎక్స్‌కి పెడితే రన్‌లో స్పార్క్ రాదు, ఆఫ్‌లో ఇంజన్ నడుస్తుంది. "గుర్తుపెట్టుకుంటాంలే" అని అలాగే తిరిగేవాళ్లున్నారు. బండి పడిపోయినప్పుడు పరిగెత్తుకొచ్చి ఆపేది పక్కవాడు, అతనికేం తెలుసు?

అపోహ: కొత్త స్విచ్చులో పాస్ లైట్ ఉంది కాబట్టి బ్యాటరీ తీగ ఇస్తే పనిచేస్తుంది.

వాస్తవం: ఇంజన్ ఆపగానే హెడ్‌లైట్ ఆరిపోయే బండి అయితే దాని లైటు మాగ్నెట్ కాయిల్ ఇచ్చే ఏసీ మీద నడుస్తోంది. ఆ కాయిల్ ఒక కొస ఎర్త్. హై బీమ్‌లో ఉండగా పాస్ నొక్కితే బ్యాటరీ నేరుగా కాయిల్ గుండా ఎర్త్‌కి పోతుంది, ఫ్యూజ్ ఎగిరిపోతుంది. 5 పిన్నుల రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్, పిన్నులకి నంబర్లుంటాయి) వాడాలి: 30కి బల్బు హై తీగ, 87ఏ కి డిప్పర్ (హై, డిమ్ మార్చే స్విచ్) నుంచి వచ్చే హై తీగ, 87కి ఫ్యూజ్ మీదుగా బ్యాటరీ, 85, 86ల్లో ఒకటి పాస్ బటన్‌కి, రెండోది ఎర్త్‌కి. అంత పని వద్దనుకుంటే పాస్ తీగను కలపకుండా వదిలేయండి.

6 వోల్టుల యెజ్డీకో పాత బుల్లెట్‌కో అయితే ఇంకో సంగతి. 35 వాట్ల బల్బు 12 వోల్టుల్లో 2.9 ఆంపియర్లు తీసుకుంటే 6 వోల్టుల్లో 5.8 తీసుకుంటుంది. కరెంటు రెట్టింపైతే కాంటాక్ట్ దగ్గర వేడి నాలుగింతలు. చిన్న కొత్త స్విచ్ కరిగేది అందుకే. రిలే పెడతామంటే కాయిల్ 6 వోల్టులదే కావాలి, 12 వోల్టులది కదలదు.

అపోహ: కేబుల్ పొట్టిగా ఉంటే కాస్త పొడుగుది వేస్తే చాలు.

వాస్తవం: చూడాల్సింది లోపలి వైరుకీ బయటి తొడుగుకీ మధ్య తేడా. తొడుగు 900 మి.మీ., వైరు 1000 మి.మీ. అయితే తేడా 100. కొత్త హ్యాండిల్‌కి తొడుగు 980 కావాల్సి వస్తే వైరు 1080 ఉండాలి. ఆ 100 మారితే అడ్జస్టర్ ఎంత తిప్పినా కుదరదు. ఎంత పొడుగు కావాలో పాత తొడుగు ముక్కను హ్యాండిల్ నుంచి అసలు దారిలోనే తీసుకెళ్లి, రెండు వైపులా పూర్తిగా తిప్పి చూసి కొలవాలి.

యాక్సిలరేటర్‌కి గ్రిప్ దగ్గర వైరు చుట్టుకునే డ్రమ్ కూడా చూడాలి. గ్రిప్ పూర్తిగా తిప్పితే వైరు ఎన్ని మిల్లీమీటర్లు లాగుతోందో కొలవండి. 20 మి.మీ. కార్బరేటర్‌లో స్లైడ్ దాదాపు అంతే లేవాలి. వైరు 15 మాత్రమే కదిలితే టాప్ స్పీడ్ పడిపోతుంది, జెట్టు మార్చి, పిస్టన్ మార్చి డబ్బు తగలేస్తారు. 30 కదిలితే గ్రిప్ మూడింట రెండొంతులు తిరిగేసరికే స్లైడ్ పైకప్పుకి తగులుతుంది, వైరు కొసనున్న గుండు (నిపుల్) తెగుతుంది. రెండు కేబుళ్ల హౌసింగ్ అయితే గ్రిప్ మీవైపు తిప్పినప్పుడు లోపలికి లాగే గాడి ఏదో చూసి దాంట్లోనే కేబుల్ వేయండి, రెండో రంధ్రం మూసేయండి.

ఆర్ఎక్స్‌లో యాక్సిలరేటర్ కేబుల్ మధ్యలో చీలి ఒక కొమ్మ ఆయిల్ పంపుకి వెళ్తుందని చాలామంది మర్చిపోతారు. ముందు ఐడిలింగ్, తర్వాత గ్రిప్ దగ్గర ఆట (వదులు), ఆ తర్వాతే పంపు పుల్లీ మీది గుర్తు సరిచేయాలి. క్రమం తప్పితే ఆయిల్ ఎక్కువై పొగ కమ్మేస్తుంది, తక్కువైతే పిస్టన్ సీజ్ అవుతుంది. పంపు తీసేసి పెట్రోల్లో ఆయిల్ కలిపి నడిపేవాళ్లకి ఈ బాధ లేదు.

అపోహ: క్లచ్ తేలికగా ఉంటే లివర్ మంచిదన్నట్టు.

వాస్తవం: లివర్ పిన్ను మధ్య నుంచి కేబుల్ నిపుల్ మధ్యకి దూరం కొలవండి. పాతది 28 మి.మీ., కొత్తది 24 అనుకుంటే కేబుల్ లాగుడు ఏడోవంతు తగ్గుతుంది. చేతికి హాయిగానే ఉంటుంది, కానీ క్లచ్ పూర్తిగా విడవదు, సిగ్నల్ దగ్గర న్యూట్రల్ పడదు. దానికి మందుగా అడ్జస్టర్ బిగించి ఆట మొత్తం తీసేస్తే ఈసారి క్లచ్ జారి ప్లేట్లు కాలతాయి. లివర్ కొన దగ్గర 10 నుంచి 15 మి.మీ. ఆట ఉండాలి. డ్రమ్ బ్రేకు లివర్‌లో కూడా పిన్ను, నిపుల్ మధ్య దూరం చూడాల్సిందే.

డిస్క్ బ్రేకులో పెద్ద మాస్టర్ సిలిండర్ (లివర్ దగ్గర బ్రేకు ఆయిల్‌ని నెట్టేది) పెడితే బ్రేకు బాగా పడుతుందనేది కూడా తిరగేసిన మాటే. 11 మి.మీ. బోర్ (లోపలి వ్యాసం) స్థానంలో 14 పెడితే అదే చేతి బలానికి ఒత్తిడి దాదాపు 38 శాతం తగ్గుతుంది. లివర్ రాయిలా గట్టిగా తగులుతుంది కాబట్టి బ్రేకు బలంగా ఉందనిపిస్తుందంతే. బ్రేకు పైపును సిలిండర్‌కి బిగించే బాంజో బోల్టు మరల్లో 1.0, 1.25 మి.మీ. (మరల మధ్య దూరం) రెండు రకాలున్నాయి, కలపొద్దు. రాగి వాషర్లు ప్రతిసారీ కొత్తవే వేయాలి.

అద్దాల మాట: చాలా యమహాల్లో కుడి అద్దం మర ఎడమకి తిరుగుతుంది. లివర్ హోల్డర్ వేరే కంపెనీదైతే పాత అద్దాన్ని బలవంతంగా ఎక్కించకండి, అడాప్టర్ దొరుకుతుంది.

అపోహ: బిగించి ఒక రౌండ్ కొట్టి వస్తే పరీక్ష అయిపోయినట్టే.

వాస్తవం: రోడ్డెక్కకముందే బండిని సెంటర్ స్టాండ్ మీద ఐడిలింగ్‌లో పెట్టి హ్యాండిల్‌ని ఈ కొస నుంచి ఆ కొసకి నెమ్మదిగా తిప్పండి. ఏ వైపు తిప్పినా ఇంజన్ శబ్దం పెరగకూడదు. పెరిగిందంటే కేబుల్ బిగుసుకుంటోంది, యూటర్న్‌లో బండి దానంతటదే దూసుకెళ్తుంది. రెండు కొసల్లోనూ గ్రిప్‌ని పిడికిటితో పట్టుకుని చూడండి, ట్యాంకుకి వేళ్లు నలగకూడదు. తర్వాత ఇండికేటర్ వేసి మళ్లీ తిప్పండి. ఒక కోణంలో మాత్రమే ఆరిపోతుంటే హెడ్‌లైట్ డూమ్ (గిన్నె) వెనక తీగ నలుగుతున్నట్టు, డూమ్ విప్పి దారి మార్చాలి.