బస్తా బరువు గొడవ 55 దగ్గర మొదలైంది

సిమెంటు బస్తా 50 కిలోలే ఉండాలా, 25కు దించాలా అన్న వాదన మళ్లీ రాజుకుంది. బరువులెత్తితే నడుం పట్టేస్తుందని ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. చూడాల్సింది 1967.

ఆ ఏడాది అంతర్జాతీయ కార్మిక సంస్థ ఆమోదించిన 127వ ఒప్పందం, ఆరోగ్యానికి ముప్పు తెచ్చే బరువును మనిషి చేత మోయించొద్దంది. ఎన్ని కిలోలో చెప్పలేదు. అంకె 128వ సిఫార్సులోకి వెళ్లింది: వయోజన పురుషుడికి 55 కిలోలు. సిఫార్సును పాటించి తీరాలన్న కట్టుబాటు లేదు. పాటించినా 50 కిలోల బస్తాకు అడ్డే లేదు! ‘పరిమితిలోనే ఉన్నాం కదా’ అనే మాటకు బలం ఇక్కడిదే.

బస్తా ఒంటికి ఎంత దూరంలో ఉందో, ఎంత కింద ఉందో ఆ 55కు పట్టదు. వెన్నుకు పట్టేది అదే. అమెరికాలో వృత్తి భద్రతను పరిశోధించే నియోష్ 1991లో సవరించిన సూత్రం ఆ లెక్కే వేస్తుంది. అన్నీ అనుకూలిస్తే ఎత్తదగ్గ బరువు 23 కిలోలు, అక్కణ్నుంచి కోతలే. అట్టడుగు వరుసలో బస్తా ఉందనుకోండి. చేతులు నేలకు 15 సెంటీమీటర్ల ఎత్తులో, చీలమండలకు 40 సెంటీమీటర్లు ముందుకు ఉన్నాయి. ఒళ్లు 45 డిగ్రీలు తిప్పి, దాన్ని 75 సెంటీమీటర్ల ఎత్తుకు లేపాలి. దూరానికి 0.625, ఎత్తుకు 0.82, లేపే మేరకు 0.895, మెలికకు 0.856 చొప్పున గుణిస్తే 23 కాస్తా 9కి పడిపోతుంది. బస్తాకు పిడి ఉండదు కాబట్టి ఇంకాస్త తగ్గుతుంది. అంటే 25 కిలోల బస్తా కూడా దాదాపు మూడింతలు ఎక్కువే.

బస్తా సగమైతే ఎత్తడాలు రెట్టింపవుతాయన్నది కాంట్రాక్టర్ల వాదన. నిజమే, టన్నుకు 20 బదులు 40. కానీ వంగి ఎత్తిన ప్రతిసారీ వెన్నుపూసల మధ్య ఉండే డిస్కు మీద పడే ఒత్తిడి 50 కిలోలతో చాలా ఎక్కువ.

1990 నాటి యూరప్ ఆదేశం ఏ అంకే పెట్టకుండా వరస చెప్పింది: ముందు చేతిమోత తప్పించండి, తప్పకపోతే ముప్పు తగ్గించండి. సైటులో అంటే బరువును పైకి లాగే హాయిస్టు, ట్రాలీ. అవి అందని చోట బస్తాల దొంతిని నడుమెత్తు దిమ్మె మీద పేర్చి, ఒంటికి ఆనించుకుని, నడుం కాక పాదాలు తిప్పాలి. అప్పుడు 9 మళ్లీ 23 దరిదాపులకు వస్తుంది. 50 మాత్రం అప్పటికీ రెట్టింపు పైనే.

25కు దించినా ఒక చిక్కుంది. కూలి బస్తా లెక్కన కడితే రెండేసి భుజానికెత్తుతారు.