బల్ల మీది పుస్తకం: బరువుకి నార్మల్ ప్రతిచర్య కాదు

మొన్న ఇంటర్ పిల్లల టెస్టు పేపర్లు దిద్దుతుంటే మళ్లీ అదే వాక్యం: "పుస్తకం బరువు చర్య, బల్ల ఇచ్చే నార్మల్ ప్రతిచర్య." (నార్మల్ అంటే ఉపరితలం తనకి లంబంగా వస్తువుని నెట్టే బలం.) ఈ వాక్యం కింద ఇన్నేళ్లలో ఎన్ని ఎర్రగీతలు గీశానో!

అపోహ: బరువు, నార్మల్ రెండూ న్యూటన్ మూడో నియమం (ప్రతి చర్యకీ సమానమైన, ఎదురుదిశలో ప్రతిచర్య) చెప్పే జంట.

వాస్తవం: కాదు. ఆ రెండూ ఒకే పుస్తకం మీద పనిచేస్తున్నాయి. జంట బలాలు ఎప్పుడూ రెండు వేర్వేరు వస్తువుల మీద ఉంటాయి, ఒకే జాతివి అయివుంటాయి. భూమి పుస్తకాన్ని లాగుతుంటే పుస్తకం భూమిని లాగుతుంది, అదొక జంట. బల్ల పుస్తకాన్ని పైకి నెడుతుంటే పుస్తకం బల్లని కిందికి నెడుతుంది, అది ఇంకొకటి. బల్ల మీద బరువూ నార్మలూ సమానంగా ఉన్నాయంటే పుస్తకానికి త్వరణం లేదు గనక, అంతే.

నేనూ ఇంటర్లో ఇలాగే రాశాను. మా సారు నా అరచేతిని బల్ల మీద పెట్టించి, దానిమీద లావుపాటి పుస్తకం ఉంచి, పైనుంచి బొటనవేలితో నొక్కారు. "పుస్తకం బరువు పెరిగిందా?" "లేదు సార్." "మరి చెయ్యెందుకు లాక్కుంటున్నావురా?"

అసలు మార్కులు పోయేది దిమ్మెల లెక్కలో. 3 కిలోల దిమ్మె మీద 2 కిలోల దిమ్మె. జీ (గురుత్వ త్వరణం) విలువ 10 మీ/సె² అనుకోండి. కదలకుండా ఉంటే రెంటి మధ్య 20 న్యూటన్లు, అడుగున 50. ఇది చూసి "పైనున్న బరువెంతో కిందికి అంతే" అని వాట్సాప్‌లో ఒక షార్ట్‌కట్ తిరుగుతోంది. దాన్ని నమ్మినవాడు లిఫ్టు లెక్క రాగానే మునుగుతాడు. లిఫ్టు 2 మీ/సె² త్వరణంతో పైకి లేస్తే మధ్యలో 24, అడుగున 60. పై దిమ్మె బరువు పై దిమ్మె మీదే పనిచేస్తుంది. కిందిదానికి తగిలేది స్పర్శ బలం, అంటే రెండూ తాకిన చోట ఒకదాన్నొకటి నెట్టుకునే బలం. లిఫ్టు తాడు తెగిందా, స్పర్శ బలం సున్నా, బరువు మాత్రం అదే 20.

చర్య ముందు, ప్రతిచర్య తర్వాత అంటారు, రెండూ ఒకేసారి. లారీ దోమని ఎక్కువగా కొడుతుందంటారు. బలం సమానమే, దోమ ద్రవ్యరాశి తక్కువ గనక దాని త్వరణం ఎక్కువ. వాలుతలం మీద కూడా నార్మల్‌ని ఎంజీ (ద్రవ్యరాశి × జీ, అంటే పూర్తి బరువు) అని రాసేవాళ్లకి ఓ దణ్ణం.

"నాకు ఫిజిక్స్ రాదు సార్" అని ఒకమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుంది. బొమ్మలో బలాన్ని చూపే ప్రతి బాణం పక్కన "ఎవరు, ఎవరి మీద" అని రాయమన్నాను. మూడో లెక్కకి వచ్చేసరికి తన తప్పు తనే కొట్టేసుకుంది.