అర్మేరోను ముంచింది లావా కాదు

1985 నవంబరు 13 రాత్రి 9 దాటాక కొలంబియాలోని నెవాడో డెల్ రూయిజ్ పేలింది. అగ్నిపర్వతాల లెక్కలో అది చిన్న పేలుడే. 1980లో అమెరికాలోని సెయింట్ హెలెన్స్ కక్కినదానిలో ఇది మూడు శాతం కూడా కక్కిందో లేదో అన్నంత. అయినా పదకొండున్నరకల్లా, నది దారిలో డెబ్బై కిలోమీటర్లకు పైగా దిగువనున్న అర్మేరో పట్టణం బురదలో కూరుకుపోయింది. ఆ రాత్రి మొత్తం మీద సుమారు 23 వేల మంది చనిపోయారు.

రూయిజ్ శిఖరం ఎత్తు 5,300 మీటర్లు. భూమధ్యరేఖకు దగ్గరే అయినా నెత్తిన ఎప్పుడూ మంచు ఉంటుంది. పేలుడులో ఎగజిమ్మిన ఎర్రటి రాళ్లూ, వేడి బూడిదా ఆ మంచు మీద దొర్లాయి. కరిగింది పదో వంతు మంచే. ఆ నీరు ఇరుకు లోయల్లోకి దిగి, ఒడ్డుల మట్టినీ బండలనూ కోసుకుంటూ దారిలోనే నాలుగింతలైంది. అర్మేరో చేరేసరికి అది నీరు కాదు, తడి కాంక్రీటు. దీన్నే లహార్ అంటారు. ఏటవాలులో గంటకు 60 కిలోమీటర్ల దాకా పోతుంది. మనిషి అందులో ఈదలేడు, నడవలేడు.

ముప్పు పటం అంతకు నెల ముందే సిద్ధమైంది, అందులో అర్మేరో ప్రమాద ప్రాంతంలోనే ఉంది. 1845లో అదే చోట బురద ప్రవాహం వందల మందిని పొట్టన పెట్టుకుంది కూడా. ఎత్తయిన నేల ఊరికి నడిచి వెళ్లేంత దూరంలోనే ఉంది. పేలుడుకూ బురద రాకకూ మధ్య రెండు గంటలకు పైగా సమయం దొరికింది. లోపించింది విజ్ఞానం కాదు, ఖాళీ చేయమనే ఒక్క ఆదేశం.

అసలు కొండ ఎందుకు పేలుతుంది? లోతున ఉన్న మాగ్మాలో, అంటే వేడికి కరిగిన రాతిలో, నీరు కలిసి ఉంటుంది, బరువులో నాలుగైదు శాతం దాకా. పైనున్న రాతి ఒత్తిడి దాన్ని అలాగే అదిమి ఉంచుతుంది. మాగ్మా పైకి వచ్చేకొద్దీ ఒత్తిడి తగ్గి, నీరు ఆవిరి బుడగలవుతుంది. 900 డిగ్రీల వేడిలో, ఐదు శాతం నీరున్న ఘనమీటరు మాగ్మాను ఒక్కసారిగా నేల మీదికి తెస్తే అది సుమారు 670 ఘనమీటర్లవుతుంది. ఇక తేడా అంతా చిక్కదనంలో ఉంది. హవాయిలోలా సిలికా (ఇసుకలో ఎక్కువగా ఉండే పదార్థం) 50 శాతం దగ్గరున్న మాగ్మా పలచన, బుడగలు సులువుగా తప్పించుకుంటాయి, లావా నిదానంగా పారుతుంది. సిలికా 65, 70 శాతానికి చేరితే బుడగలు కదలలేవు. పరిమాణంలో ముప్పాతిక వంతు బుడగలే అయ్యాక మాగ్మా చీలికలైపోయి పొడిగా ఎగురుతుంది.

మనం బూడిద అంటున్నది ఆ పొడినే. కట్టెల బూడిదతో దీనికి పోలిక లేదు, ఇది నలిగిన గాజూ రాయీ. పైకి ఎగరలేక కొండవాలు మీదికే కూలితే, వందల డిగ్రీల వేడితో వాహనం కన్నా వేగంగా దూసుకొస్తుంది. 1902 మే 8న మార్టినీక్ దీవిలో సెయింట్ పియెర్ పట్టణాన్ని, దాదాపు 28 వేల మందిని, నిమిషాల్లో తుడిచిపెట్టింది అదే. దాన్నుంచి పరిగెత్తి బతకడం కుదరదు. ముందే ఖాళీ చేసి ఉండాలి.

ఫిలిప్పీన్స్‌లో ఆ పని జరిగింది. 1991 జూన్ 15న పినటుబో పేలేలోపు వేలాది మందిని తరలించారు. అదే రోజు తుపాను దాటింది. వర్షానికి తడిసిన బూడిద కప్పుల మీద పేరుకుని, ఆ రోజుల్లో పోయిన ప్రాణాల్లో ఎక్కువ భాగం ఇళ్లు కూలడం వల్లే పోయాయి. పది సెంటీమీటర్ల పొడి బూడిద చదరపు మీటరుకు 65 నుంచి 110 కిలోలు తూగుతుంది, తడిస్తే రెట్టింపు. అందుకే కప్పు మీద బూడిదను పేరుకోకముందే పారతో తీయాలి, దుమ్ము లేవకుండా కాస్త చిలకరించాలి తప్ప నీళ్లు గుమ్మరించకూడదు. బూడిదలో తిరిగేటప్పుడు ఎన్‌95 మాస్కు పెట్టుకోవాలి, కాంటాక్ట్ లెన్సులు తీసేయాలి. కారు అద్దం మీద పొడి బూడిద ఉండగా వైపర్ వేస్తే గాజు గీసుకుపోతుంది.

బూడిద పడినచోటే ఉండిపోదు కూడా. నంద్యాల దగ్గరి జ్వాలాపురంలో, సుమారు 74 వేల ఏళ్ల కిందట సుమత్రాలోని టోబా పేలినప్పటి బూడిద ఉంది. రెండు వేల కిలోమీటర్లకు పైగా గాలిలో వచ్చి నేల మీద పడింది కొన్ని సెంటీమీటర్లే. వానలు చుట్టుపక్కల నుంచి కడిగి తెచ్చి జుర్రేరు లోయలో మీటర్ల మందాన పేర్చాయి. పినటుబోలోనూ అంతే: 1995లో, అంటే పేలిన నాలుగేళ్లకు, వాన తెచ్చిన లహార్ బకొలోర్ పట్టణాన్ని పూడ్చేసింది. అక్కడి చర్చి సగం ఎత్తు దాకా మట్టిలో దిగబడింది.

ఇప్పుడు ఇలాంటి లోయల్లో నేల అదురును పసిగట్టే పరికరాలు పెడుతున్నారు, పైన బురద కదిలితే కింద సైరన్ మోగుతుంది. సైరన్ విన్నాక చేయాల్సింది లోయ వెంట కిందికి పారిపోవడం కాదు. పక్కనున్న గట్టు ఎక్కాలి, బురద కనిపిస్తుంటే వంతెన దాటకూడదు. మొదటి తరగ పోయింది కదా అని వెంటనే దిగకూడదు, వెనక మరొకటి రావచ్చు.