మామూలు మాట కాదు

దుబాయ్ నుంచి వచ్చిన మా బావమరిది సూట్‌కేసులోంచి ఒక బిస్కెట్ల డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. మూత మీద ఇంగ్లిష్ అక్షరాల్లో ‘మామూల్’ అని ఉంది. “అక్కడ మామూళ్లు డబ్బాల్లో పెట్టి ఇస్తారా మామయ్యా?” అంది మా అమ్మాయి. అందరూ నవ్వారు. నేను మాత్రం ఆ మూతనే చూస్తూ ఉండిపోయాను. ఎందుకంటే అది నిజంగా మన మామూలే.

గోధుమ రవ్వ పిండిలో ఖర్జూరం గుజ్జో, పిస్తానో, అక్రోటు పప్పో కూరి, చెక్క అచ్చులో నొక్కి కాలుస్తారు. సిరియా, లెబనాన్, పాలస్తీనాల్లో రంజాన్ పండక్కి ముస్లింలూ, ఈస్టర్‌కి క్రైస్తవులూ చేసుకుంటారు. మన కజ్జికాయకి దూరపు చుట్టం అనుకోండి. అరబ్బీలో ‘మఅమూల్’ అంటే ‘చేయబడినది’. అంతే.

ఆ చెక్క అచ్చును గుర్తుపెట్టుకోండి, మాట తయారైందీ అలాగే. మనం ‘చేయు’కి వెనక తోకలు తగిలిస్తాం: చేసిన, చేయించు, చేత. అరబ్బీ పద్ధతి వేరు. మూడు హల్లులు పిండిముద్ద. దాన్ని ఏ అచ్చులో నొక్కితే ఆ మాట. అచ్చు అంటే తెలుగులో రెండర్థాలు కదా, ఇక్కడ రెండూ సరిపోతాయి.

మన పిండిముద్ద ఐన్, మీమ్, లామ్ అనే మూడు అరబ్బీ హల్లులు. అర్థం పని. ‘అమల్’ అని నొక్కితే పని, అదే మన అమలు. ‘ఆమిల్’ అని నొక్కితే పని చేసేవాడు. మొగలాయి కాలంలో శిస్తు వసూలు చేసే అధికారి. ముందు ‘మ’ పెట్టి, మూడో హల్లుకి ముందు ‘ఊ’ పెడితే, చేయబడినది. అంటే అమలూ మామూలూ అక్కాచెల్లెళ్లు.

ఈ ‘మ-ఊ’ అచ్చు చేతికి దొరికాక ఇక ఆగలేం. నజర్ అంటే చూపు. మంజూర్ అంటే చూడబడినది. లోను మంజూరైందంటే పై అధికారి కన్ను దాని మీద పడిందన్నమాట. హ-బ-బ ప్రేమ, మహబూబ్ ప్రేమించబడినవాడు. ఆరో నిజాం పేరు అదే, మహబూబ్‌నగర్‌కి ఆ పేరొచ్చిందీ ఆయన వల్లే. జ-బ-త గట్టిగా పట్టుకోవడం. అందులోంచి జప్తు, మజబూతు రెండూ వచ్చాయి. హ-స-ల చేతికందడం. మహసూల్ మన రైతు నోట మాసూలైంది, అంటే చేతికందిన పంట. ఒకప్పుడు ఆ మాసూలు మీద శిస్తు రాబట్టిన తహసీల్దారుదీ అదే పిండిముద్ద! బళ్లో ‘అన్యదేశ్యాలు’ అని ఒక జాబితా బట్టీ పట్టించారు గానీ, ఈ ఆట ఎవరూ చూపించలేదు. అయితే ప్రాస కలిసిందని మోసపోకండి. వసూలులో ఉన్నది వ-స-ల, చేరుకోవడం. అది వేరే పిండి.

మరి ‘మఅ’ ‘మా’ ఎందుకైంది? ఐన్ అనేది గొంతు లోతుల్లో బిగబట్టి పలికే హల్లు. ఈ మాటలు మనకి నేరుగా అరబ్బుల నుంచి రాలేదు, సర్కారు కచేరీల్లో నడిచిన పారసీ మీదుగా వచ్చాయి. పారసీ వాళ్లకే ఆ హల్లు నోరు తిరగలేదు. మనం దాన్ని పూర్తిగా వదిలేసి ముందున్న అచ్చుని సాగదీశాం. మాలూంలో జరిగిందీ అదే. చివర ‘ఉ’ మాత్రం మన సొంతం, హల్లుతో మాట ముగించడం తెలుగు నోటికి ఇష్టం ఉండదు. ఇంత కథ ఉంటే, “మామూలు అంటే మా మూలం, అచ్చ తెలుగు” అని నాతో గంటసేపు వాదించిన పెద్దమనిషి ఒకాయన ఉన్నారు. ఆయనకి దణ్ణం పెట్టి ఊరుకున్నాను.

అర్థం నడిచిన దారి ఇంకా తమాషా. తుర్కీలో ‘మామూల్’ అంటే ఇప్పటికీ తయారైన సరుకు. పారసీలో ఎప్పుడూ చేస్తూ వచ్చినది, అంటే వాడుక. హిందీ ‘మామూలీ’ దాన్ని ఇంకా చిన్నబుచ్చి, లెక్కలోకి రానిది అనే దాకా తెచ్చింది. మలయాళంలో పాత ఆచారం. 1886లో వచ్చిన హాబ్సన్-జాబ్సన్ అనే ఆంగ్లో-ఇండియన్ నిఘంటువులో కూడా ఇది ఆనవాయితీ అనే అర్థంతోనే కనిపిస్తుంది. తెలుగు, తమిళం, కన్నడాల్లో ఇంకో అడుగు పడింది: ఆనవాయితీ కాస్తా ఆనవాయితీగా ముట్టే డబ్బయింది. దసరా మామూలు అడిగినవాడు సంతోషంగా అడిగాడు, మనమూ సంతోషంగానే ఇచ్చాం. ఆఫీసు బల్ల కింద నుంచి అడిగేవాడికీ ఆ మాటే పనికొచ్చింది. లంచం అంటే తప్పు చేస్తున్నట్టుంటుంది. “మామూలే కదండీ” అంటే, ఇవ్వనివాడే ఏదో ఆచారం తప్పినట్టుంటుంది!

ఇదంతా మా అమ్మాయికి చెప్పడం పూర్తయ్యేసరికి డబ్బా ఖాళీ అయింది. ఖాళీ కూడా అరబ్బీయే, కాకపోతే దాన్ని నొక్కింది ఆమిల్, హాజరుల అచ్చులో.