ఆ చెయ్యి పేజీ మీద ఎందుకుంది?

చిరంజీవులకు ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో "పాత డచ్ బొమ్మల్లో ఎవరి చేతిలో చూసినా పుస్తకమో ఉత్తరమో ఉంటుందేంటి?" అని అడిగారు కదా, ఇదిగో జవాబు.

1600ల్లో హాలండ్‌లో బొమ్మలు గీయించుకున్నవాళ్లలో వర్తకులు, మతబోధకులు, ఓడలు కట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. బైబిల్‌ని ఎవరికి వాళ్లు చదువుకోవాలని వాళ్ల ప్రొటెస్టెంట్ మతం చెప్పింది. వ్యాపారానికేమో లెక్కలు, ఉత్తరాలు కావాలి. అందుకే చదువు వచ్చని బొమ్మలో చూపించుకోవడం గౌరవమైంది.

డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ 1631లో వేసిన ముసలావిడ బొమ్మ చూడండి. ముఖం నీడలో ఉంటుంది, వెలుగంతా పుస్తకం మీదే. వరుస తప్పకుండా చెయ్యి పేజీ మీద ఆనించి చదువుకుంటోంది. ఆ చేతి మీద ముడతలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. అక్షరాలు మాత్రం మనకు అందవు, హీబ్రూలా కనిపిస్తాయంతే. దాదాపు అప్పుడే ఆయన శిష్యుడు గెరిట్ డౌ కూడా చదువుకుంటున్న ముసలావిడను గీశాడు. అందులో అక్షరాలు నిజంగా చదవొచ్చు! లూకా సువార్త 19వ అధ్యాయం, ఆస్తిలో సగం పేదలకిస్తానని జక్కయ్య అనే ధనవంతుడు చెప్పే చోటు. చదివే ఆవిడ ఒంటి మీదేమో ఖరీదైన బొచ్చు కోటు. డౌ అది కావాలనే పెట్టాడని నాకు గట్టి నమ్మకం.

అక్కడ చదవడం ముందు నేర్పేవారు, రాయడం ఆ తర్వాత. చాలామంది ఆడపిల్లల చదువు మొదటిదానితోనే ఆగిపోయేది. 1630లో ఆమ్‌స్టర్‌డామ్ పెళ్లి రిజిస్టర్లలో పెళ్లికొడుకుల్లో 57 శాతం మంది సంతకం పెడితే, పెళ్లికూతుళ్లలో 32 శాతమే పెట్టారు. మిగతావాళ్లది గీతో గుర్తో. 1680 నాటికి అవి 70, 44 అయ్యాయి. సంతకం రానివాళ్లలోనూ చదవగలిగినవాళ్లు ఉండి ఉంటారు. చదవగలిగీ తన మాట కాగితం మీద పెట్టలేకపోవడం ఎంత అన్యాయం!

అందుకే 1633లో రెంబ్రాంట్ వేసిన యాన్ రైక్సెన్ దంపతుల బొమ్మ ముందు నేను ఎక్కువసేపు ఆగుతాను. ఆయన ఓడలు కట్టేవాడు, కంపాస్ పట్టుకుని ఓడ నమూనా గీస్తున్నాడు. భార్య ఒక చెయ్యి ఇంకా తలుపు గడియ మీదే ఉంచి, రెండో చేత్తో ఉత్తరం అందిస్తోంది. కంపాస్, కాగితాలు ఆయన దగ్గర, ఉత్తరం తెచ్చే పని ఆవిడది.

ముసలావిడల బొమ్మలు రెండూ ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్ మ్యూజియంలోవి. వాళ్ల వెబ్‌సైట్‌లో ఎంత కావాలంటే అంత జూమ్ చేసుకోవచ్చు. డౌ పుస్తకంలో అక్షరాలతోపాటు ఒక చిన్న బొమ్మ కూడా ఉంది. అందులో ఏం కనిపించిందో నాకు రాయండి.

మీ తాతయ్య