రెండో ఫోటాన్ తాకింది ఎవరిని?

ఆరైల్ క్లోరైడ్లలోని (బెంజీన్ లాంటి వలయానికి క్లోరిన్ అతుక్కున్న అణువులు) మొండి కార్బన్-క్లోరిన్ బంధాన్ని మామూలు ఎల్ఈడీ వెలుగుతో తెంచామంటూ కొత్త పేపర్ వచ్చినప్పుడల్లా పాత తగువు మళ్లీ రాజుకుంటుంది. ఆ పని చేసింది కాంతితో ఉత్తేజితమైన రాడికలేనా (జత లేని ఎలక్ట్రాన్ ఉన్న అణువు), ఇంకేదైనానా?

కాంతి బలంతో ఎలక్ట్రాన్లను ఒక అణువు నుంచి ఇంకోదానికి మార్చే ఈ రసాయన పద్ధతి పేరు ఫోటోరెడాక్స్. అసలు మలుపు 2014. జర్మనీలోని రెగెన్స్‌బర్గ్‌లో బుర్ఖార్డ్ కోనిగ్ బృందం పెరిలీన్ డైఇమైడ్ అనే రంగును ట్రైఇథైలమీన్‌తో కలిపి, 455 నానోమీటర్ల నీలి కాంతి పెట్టింది. వాళ్ల వివరణ ఇది: మొదటి ఫోటాన్ (కాంతి కణం) పడగానే రంగు అమీన్ నుంచి ఎలక్ట్రాన్ లాక్కుని రాడికల్ ఆనయాన్, అంటే రుణావేశమున్న రాడికల్ అవుతుంది. అది ఇంకో ఫోటాన్ మింగి ఆ ఎలక్ట్రాన్‌ను ఆరైల్ హాలైడ్‌కి (ఆరైల్ క్లోరైడ్ల కుటుంబం) అంటగడుతుంది. మొక్కలు కూడా రెండు ఫోటాన్లతోనే కదా పని నడుపుకునేది అన్నారు. వినడానికి బాగానే ఉంది.

అంతకుముందు రాడికల్‌ను రెండో ఫోటాన్‌తో కొట్టాలంటే లేజర్లే దిక్కు. సిన్సినాటిలో మార్షల్ విల్సన్ సన్నటి ద్రావణ ధార మీద ఆర్గాన్ లేజర్‌ను కేంద్రీకరించేవాడు. రాడికల్ అంతరించిపోయేలోపే రెండో ఫోటాన్ దొరికేంత తీవ్రత అది. 1980లలో ఒట్టావాలో టీటో స్కయానో బృందం ఒక పల్స్‌తో డైఫినైల్‌మిథైల్ రాడికల్‌ను పుట్టించి, కాస్త ఆగి వేరే లేజర్ పల్స్‌తో దాన్ని కొట్టింది. ఉత్తేజిత రాడికల్ 530 నానోమీటర్ల దగ్గర ఆకుపచ్చగా మెరిసేది. దాని ఆయుష్షు 200 నానోసెకన్ల పైమాటే, పక్క అణువును వెతుక్కోవడానికి బోలెడు టైమ్. ఏ ఫోటాన్ ఎవరిని తాకిందో అక్కడ లెక్క పక్కా. ఎల్ఈడీ కింద పెట్టిన ఫ్లాస్కులో ఆ లెక్క ఎవరూ అడగలేదు.

అడగాల్సింది. ఎందుకంటే ఉత్తేజిత పెరిలీన్ డైఇమైడ్ ఆనయాన్ ఆయుష్షు దాదాపు 150 పికోసెకన్లేనని (వెయ్యి పికోసెకన్లు ఒక నానోసెకను) మైకేల్ వాసిలెవ్‌స్కీ బృందం 2000లోనే కొలిచింది. 0.1 మోలార్ ద్రావణంలో ఒక అణువు ఇంకో దాన్ని ఢీకొనడానికే సుమారు వెయ్యి పికోసెకన్లు పడుతుంది.

2021లో హార్వర్డ్‌లో డేనియల్ నొసెరా బృందం ఇదే పనికి వాడే ఇంకో ఉత్ప్రేరకం నాఫ్తలీన్ మోనోఇమైడ్‌ను పట్టుకుంది. ఉత్తేజిత ఆనయాన్ బతికేది 24 పికోసెకన్లు. మరి పని చేసిందెవరు? ఆ అణువే రెండు ఎలక్ట్రాన్లు, ఒక ప్రోటాన్ తీసుకుని ఏర్పడిన మైసెన్‌హైమర్ కాంప్లెక్స్. ఎలక్ట్రాన్లన్నీ జతకట్టే ఉంటాయి కాబట్టి అది రాడికలే కాదు. ఉత్తేజితమయ్యాక 20 నానోసెకన్లు ఉంటుంది, క్లోరోఎరీన్లు (ఆరైల్ క్లోరైడ్లకే ఇంకో పేరు) కలిపితే దాని వెలుగు తగ్గిపోతుంది కూడా, అంటే వాటితో చర్య జరుపుతోందన్నమాట.

రాడికలే పనిచేస్తుందనే అవతలి పక్షం జవాబు ఒక్కటే: అణువులు ముందే జతకట్టి ఉంటే ప్రయాణం అక్కర్లేదు. కొన్నిచోట్ల నిజమే కావచ్చు. అయితే ఆ జతను ప్రతి ఫ్లాస్కులోనూ విడివిడిగా చూపించాలి. ఉత్పత్తి వచ్చిందా లేదా అన్నదాని మీద గొడవ లేదు, అది వచ్చింది. కానీ పనిచేసేది రాడికల్ కానప్పుడు, రాడికల్ పొటెన్షియల్ (ఎలక్ట్రాన్‌ను ఇచ్చే బలం) చూసి రేపటి ఉత్ప్రేరకాన్ని ఎంచుకునేవాళ్లు వేరే అణువును కొలుస్తున్నట్టే లెక్క.